పీఠికలో కులం, నిర్వచనంలో పరికరం: పాకీపని నిషేధ చట్టాలు – చారిత్రక పరిశీలన

ఉపోద్ఘాతం

రాజ్యాంగం 17వ అధికరణ ద్వారా అస్పృశ్యతను నిషేధించింది. ఆ నిషేధాన్ని ఆచరణలో పెట్టడానికి 1955లో అస్పృశ్యతా నేరాల చట్టం వచ్చింది. అయితే ఒక పనిని కులాన్ని బట్టి కొందరికే అంటగట్టడం కూడా అస్పృశ్యతేనన్న గుర్తింపు చట్టంలో చేరడానికి మరో రెండు దశాబ్దాలు పట్టింది. పాకీపని విషయంలో ఆ గుర్తింపు ఎలా ఏర్పడిందో, ఎక్కడ సడలిందో పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం. హైదరాబాదు తూర్పు భాగంలోని ఎల్.బి.నగర్ ప్రాంతంలో 2021లో సంభవించిన మ్యాన్‌హోల్ మరణాలు ఈ పరిశీలనకు ఆధారం.

చట్టాల క్రమం

1976 నాటి సవరణ 1955 చట్టాన్ని పౌరహక్కుల పరిరక్షణ చట్టంగా మార్చి, అందులో 7ఎ సెక్షన్‌ను చేర్చింది. అస్పృశ్యత కారణంగా ఎవరినైనా పాకీపని, ఊడ్చే పని, చచ్చిన పశువులను తొలగించే పని చేయమని నిర్బంధించడం దీనితో నేరమయింది. ఇక్కడ నేరానికి మూలం కులమని చట్టమే ఒప్పుకుంది.

1993 చట్టం దారి వేరు. పారిశుద్ధ్యం రాష్ట్రాల జాబితాలోని అంశం కనుక, 252వ అధికరణ కింద ఆరు రాష్ట్రాల తీర్మానాలను ఆధారం చేసుకొని పార్లమెంటు దీనిని రూపొందించింది. ఆ ఆరింటిలో ఆంధ్రప్రదేశ్ ఒకటి. 1997 జనవరి 26న అమలులోకి వచ్చిన ఈ చట్టం పాకీదొడ్ల నిర్మాణాన్ని, వాటిని మనుషుల చేత శుభ్రం చేయించడాన్ని నిషేధించింది. చట్టం దృష్టి కులం మీది నుంచి దొడ్డి మీదికి మళ్ళింది. భూగర్భ మురుగు కాలువలో దిగే మనిషి దాని పరిధిలోకి రాలేదు.

కోలార్ బంగారు గనుల ప్రాంతంలోని తెలుగు కుటుంబంలో పుట్టిన బెజవాడ విల్సన్ నాయకత్వంలోని సఫాయి కర్మచారి ఆందోళన్ 2003లో సుప్రీంకోర్టును ఆశ్రయించింది. ఆ వ్యాజ్యం నడుస్తుండగానే 2013 చట్టం వచ్చింది. దాని పీఠిక ఈ పనికి అన్యాయమైన కులవ్యవస్థను ఒక కారణంగా పేర్కొంది. నిర్వచనాలు మాత్రం పీఠిక వెంట నడవలేదు. రక్షణ పరికరాలతో పనిచేసే వ్యక్తిని పాకీపనివాడిగా పరిగణించరాదని అవి చెబుతున్నాయి. మురుగు కాలువల శుభ్రత ‘ప్రమాదకర శుభ్రత’ అనే వేరే వర్గంలో చేరింది. అదీ యజమాని రక్షణ సామగ్రి ఇవ్వనప్పుడే ప్రమాదకరం. ఈ విధంగా కులం పీఠికలో నిలిచిపోగా, నేరాన్ని నిర్ణయించే అధికారం పరికరానికి దక్కింది.

2014 మార్చి 27న సుప్రీంకోర్టు, 1993 నుంచి మురుగు కాలువల్లో మరణించిన వారి కుటుంబాలకు 10 లక్షల రూపాయల చొప్పున పరిహారం ఇవ్వాలని ఆదేశించింది. 2023లో ఆ మొత్తాన్ని 30 లక్షలకు పెంచింది. షెడ్యూల్డు కులాలు, తెగలపై అత్యాచారాల నిరోధక చట్టానికి 2015లో చేసిన సవరణ, ఆ వర్గాల వారిచేత పాకీపని చేయించడాన్ని అత్యాచార నేరంగా ప్రకటించింది.

సాహెబ్‌నగర్ ఉదంతం

2021 జూలై చివరి వారంలో కేంద్ర ప్రభుత్వం రాజ్యసభలో పాకీపని వల్ల మరణాలేవీ నమోదు కాలేదని సమాధానమిచ్చింది. ఆగస్టు మొదటి వారంలో ఎల్.బి.నగర్ పరిధిలోని సాహెబ్‌నగర్‌లో, గుత్తేదారు కింద పనిచేసే ఇద్దరు కార్మికులు రాత్రివేళ మ్యాన్‌హోల్‌లో ప్రాణాలు కోల్పోయారు. మొదట దిగిన వ్యక్తి పైకి రాకపోవడంతో, అతణ్ణి కాపాడబోయి రెండవ వ్యక్తి కూడా మరణించాడు. పై నిర్వచనాలను వర్తింపజేస్తే ఈ రెండు మరణాలూ రాజ్యసభలో ఇచ్చిన సమాధానాన్ని అబద్ధం చేయవు. చట్టంలోని అసలు చిక్కు ఇదే.

ఈ ఉదంతానికి పాలనాపరమైన నేపథ్యం కూడా ఉంది. ఎల్.బి.నగర్, గడ్డిఅన్నారం పురపాలక సంఘాలు 2007లో మహానగరపాలక సంస్థలో విలీనమయ్యాయి. అయినా శివారు సర్కిళ్ళ మురుగు వ్యవస్థ నిర్వహణ 2021 అక్టోబరు వరకు జలమండలికి బదిలీ కాలేదు. ఆ జలమండలే 2017లో 70 చిన్న జెట్టింగ్ యంత్రాలను దళిత పారిశ్రామికుల ద్వారా ప్రవేశపెట్టింది. మనిషి మ్యాన్‌హోల్‌లో దిగే అవసరాన్ని తగ్గించే చర్యగా ఇది మెచ్చుకోదగినది. అయితే యంత్రానికి యజమానిగా కూడా అదే కులాన్ని ఎంచుకోవడంలో, పనికీ కులానికీ ఉన్న పాత ముడి మరో రూపంలో కొనసాగిందన్న ప్రశ్న మిగులుతుంది.

పదాల మార్పు

తెలుగులో ‘పాకీ’ అన్న మాట పనినీ, ఆ పనివారి సామాజిక స్థానాన్నీ కలిపి చెప్పేది. అవమానంతో కూడిన ఆ మాట స్థానంలో ‘సఫాయి కర్మచారి’, ‘పారిశుద్ధ్య కార్మికుడు’ అన్న పదాలు వచ్చాయి. గౌరవం దృష్ట్యా ఈ మార్పు అవసరమే. కానీ కొత్త పదాలలో వృత్తి ఒక్కటే కనిపిస్తుంది. ఆ వృత్తిలోకి ఎవరు, ఎందుకు వస్తున్నారన్న సంగతి కనుమరుగవుతుంది. నిర్వచనాల్లో చట్టం చేసిన పనినే వాడుకలో ఈ పదాలూ చేశాయి.

ముగింపు

1976లో కులం ప్రాతిపదికగా గుర్తించిన నేరం, 1993లో దొడ్డికి, 2013లో పరికరానికి ముడిపడింది. 2015 సవరణ కులాన్ని తిరిగి సెక్షన్‌లోకి తెచ్చింది. కానీ పాకీపని నిర్వచనం ఇరుకుగా ఉన్నంతవరకు మ్యాన్‌హోల్‌కు ఆ రక్షణ పూర్తిగా అందదు. మురుగు కాలువ మరణాన్ని ప్రమాదంగా కాక వివక్షా ఫలితంగా లెక్కించినప్పుడే 2013 చట్టపు పీఠికకూ సెక్షన్లకూ పొంతన కుదురుతుంది.