తోలొలుచు కత్తి

వేఁటనుగూర్చి చెప్పుకొను కథలలో విల్లునకు పేరున్నది, బాణమునకు పేరున్నది, తుపాకికిని పేరున్నది. మృగము నేలఁ గూలినతోడనే కథకుఁడు కథను ముగించును. కాని యథార్థమున పని అప్పుడే ఆరంభమగుచున్నది. కూలిన మృగమును ఆహారముగను, వస్త్రముగను, పాదరక్షగను మార్చునది బాణము కాదు. అరచేతిలో నిముడునంతటి చిన్నకత్తి. ఆ కత్తి యెట్టిదై యుండవలెను, దానిని మనుష్యుఁ డెట్లు ఎన్నుకొనెను అను ప్రశ్న స్వల్పముగఁ దోఁచవచ్చును. నిదానించి చూచినచో, మానవజాతి ఏ పనిని గౌరవించినది, ఏ పనిని మఱచినది యను సంగతి ఆ ప్రశ్నలోనే యిమిడియున్నది.

మొదట ఆ పని యెట్టిదో తెలిసికొందము. చచ్చిన జంతువు శరీరమున వేఁడి చాలసేపు నిలిచియుండును. ఆ వేఁడిచేత మాంసము త్వరగ చెడును. కావున వేఁటకాఁడు ఆలస్యము చేయక పొట్ట చీల్చి ప్రేవులను తీసివేయవలెను. కత్తిమొన కొంచె మధికముగ లోపలికి దిగినచో ప్రేవులు తెగి, అందలి మలినము మాంసమున కంటుకొనును. పిమ్మట తోలు ఒలువవలెను. ఇచట నావశ్యకమైనది పొడుచు మొన కాదు, వంపుగల వాదర. తోలునకును మాంసమునకును నడుమనున్న పలుచని పొరమీఁద ఆ వాదర జాఱుచు పోవలెను. మొన గ్రుచ్చుకొన్నచో తోలునకు రంధ్రమగును. రంధ్రము పడిన తోలునకు వెల తగ్గును. అదుపులో నుండు మొనయు, వంపైన వాదరయు, నెత్తురును క్రొవ్వును తగిలినను చేతినుండి జాఱని పిడియు ఇట్టి కత్తికి ముఖ్యములు. అలుగు నాలుగంగుళము లున్న చాలును.

ఈ సత్యము నెఱిఁగిన ప్రాచీనుఁ డొకఁడు మనకు దొరకినాఁడు. 1991 సెప్టెంబరు 19వ తేదీన, ఇటలీ ఆస్ట్రియా దేశముల సరిహద్దునందలి ఆల్ప్సు పర్వతములపై, మంచులో చెడకుండ నిలిచిన యొక పురుషుని శవము కనఁబడెను. అతఁడు సుమారు 5,300 ఏండ్ల క్రిందటివాఁడు. అతనికి ఓట్సీ యని పేరు కలిగెను. అతనియొద్ద రాగి గొడ్డలి యుండెను. ఆ కాలమున రాగి అందఱికిని లభించు వస్తువు కాదు. అట్టి సంపన్న వస్తువును మోసినవాఁడును కోఁతకొఱకు ధరించిన కత్తి మాత్రము చెకుముకిరాతిదే. కొయ్యపిడితోఁ గూడ దాని పొడవు పదుమూఁడు సెంటీమీటర్లు. దానికి నారతో నల్లిన యొర. ఆ కత్తికి తోడుగ, రాతిపనిముట్ల యంచును మరల పదునుపెట్టుటకై కొనయందు దుప్పికొమ్ము ములుకును దిగఁగొట్టిన చిన్న కొయ్యపనిముట్టును దొరకినది. అతని రాతిపనిముట్లు పలుమాఱులు పదునుపెట్టఁబడి అరిగిపోయి యున్నవని 2018లో ప్రకటింపఁబడిన పరిశోధన తెలుపుచున్నది. అతని పైవస్త్రము మేఁక గొఱ్ఱె తోళ్ళతోను, టోపి యెలుఁగుబంటి తోలుతోను కుట్టఁబడినవి. అతనిని చలినుండి కాపాడినది ఆ తోళ్ళే. కత్తి నెన్నుకొనుట ఎంత ముఖ్యమో, దానిని పదునుగ నుంచుకొనుటయు నంతే ముఖ్యమని అతని సంచియే సాక్ష్యము చెప్పుచున్నది.

ఉత్తరధ్రువ ప్రాంతమునకు పోయినచో ఈ విద్య స్త్రీల చేతులలో కానవచ్చును. అచటి ఇన్యూట్ జనులలో సీలుజంతువును వేఁటాడి తెచ్చువాఁడు సాధారణముగ పురుషుఁడు. దాని తోలొలిచి, క్రొవ్వు గీఁకి, మాంసము కోసి, తోలును దుస్తులుగఁ గుట్టునది స్త్రీ. ఆమె కత్తిపేరు ‘ఉలు’. ఆ మాటకు స్త్రీల కత్తి యనియే యర్థము. అర్ధచంద్రాకారమైన అలుగు, దాని వెన్నుపై నడుమ పిడి. చేతిబలము సూటిగ వాదరమీఁదనే పడును. మన యిండ్లలో కత్తిపీట నుపయోగించు గృహిణులకు వంపు వాదర గుణము వేఱుగఁ జెప్పనక్కఱలేదు. పూర్వము ఈ కత్తులను పలకరాతితోను, కొన్నిచోట్ల రాగితోను చేసెడివారు. తరువాత వర్తకులు తెచ్చిన ఉక్కుతో చేసికొనిరి. తల్లి కత్తి కుమార్తెకు సంక్రమించుటయుఁ గలదు. ఆ దేశమున చక్కఁగ నొలిచి కుట్టిన దుస్తులు లేనిచో ఎంతటి వేఁటకాఁడును మంచుమీఁద అడుగిడఁజాలఁడు. కావున వేఁటయను ఘనత సగము ఉలు పట్టిన చేతిదే. అయినను సాహసకథలలో ఆ చేతిని గూర్చిన ప్రసంగ మెంత తక్కువ!

ఆడంబరమునకును పనికిని గల భేదము పందొమ్మిదవ శతాబ్దపు అమెరికాలో మఱింత స్పష్టమగును. 1827 సెప్టెంబరులో మిసిసిపీ నదిలోని యిసుకతిన్నెపై జరిగిన కొట్లాటలో జేమ్స్ బౌయీ యనువాఁడు పెద్దకత్తితో పోరాడి ప్రసిద్ధుఁడయ్యెను. అంతట బౌయీ కత్తులకు గిరాకి పుట్టెను. ఇంగ్లండునందలి షెఫీల్డు పట్టణపు కర్మశాలలుకూడ వానిని చేసి సముద్రము దాఁటించెను. 1834లో జాన్ రస్సెల్ అను నతఁడు మసాచుసెట్స్ రాష్ట్రమునందలి గ్రీన్‌ఫీల్డులో పనిముట్ల కర్మాగారము స్థాపించెను. అచట తయారైన ‘గ్రీన్ రివర్’ కత్తులలో నగిషీ లేదు; మామూలు కొయ్యపిడి, సాదా ఉక్కు అలుగు. పడమటి కొండలలో ఉన్నితోళ్ళకై తిరుగు వేఁటకాండ్రును వర్తకులును వానిని విరివిగ కొనిరి. ప్రతిదినము తోలొలుచువానికి కావలసినది కీర్తి కాదు గదా.

అయితే మంచికత్తి చేతికి వచ్చినంతమాత్రమున మంచిబుద్ధి రాదని ఆ దేశచరిత్రయే చెప్పుచున్నది. అచటి మైదానములలో బైసన్ అను అడవియెద్దుల మందలు లెక్కకు మిక్కిలిగ నుండెడివి. ఆ ప్రాంతపు ఆదివాసి స్త్రీలు ఒక్కొక్క జంతువును ఒలిచి, మాంసము నెండఁబెట్టి, తోలుతో డేరాలు కుట్టి, నరములను దారముగ వాడుకొనెడివారు. 1871 ప్రాంతమున ఆ తోళ్ళు కర్మాగారముల యంత్రపట్టాలకు పనికివచ్చునని తేలఁగా, తోళ్ళకొఱకే వధ ప్రారంభమయ్యెను. ఒలుచువారు పొట్ట చీల్చుటకు మొనగల కత్తి నొకటి, ఒలుచుటకు వంపు కత్తి నొకటి, పదునుపెట్టు ఉక్కుకడ్డీ నొకటి మొలకు ధరించి పనిచేసిరి. వారి కత్తులయందు లోపములేదు. తోలు మాత్రము బండి కెక్కెను. మాంసము మైదానమున క్రుళ్ళెను. 1889లో హార్నడే యను శాస్త్రజ్ఞుఁడు ప్రకటించిన లెక్కలో, పెంపుడువానితోఁ గూడ, మిగిలిన బైసన్‌లు 1,091. డేరాయందును వధ్యభూమియందును పనిచేసినవి ఒక్కతీరు కత్తులే. భేదము ప్రయోజనమునందున్నది.

ఇరువదవ శతాబ్దమున లోహవిద్య వృద్ధిచెందెను. 1913లో షెఫీల్డునందు హారీ బ్రియర్లీ క్రోమియము కలిపి త్రుప్పుపట్టని ఉక్కును చేసెను. అమెరికాలో బాబ్ లవ్‌లెస్ (1929–2010) వేఁటకత్తి మొనను వెన్నునుండి కొంచెము క్రిందికి వంచిన రూపమునకు వ్యాప్తి కలిగించెను; అట్టి మొన ప్రేవులను సులభముగ గ్రుచ్చదు. ఇప్పటికిని కొనువాఁడు విచారింపవలసినవి పూర్వపు సంగతులే. కఠినత మితిమీఱిన ఉక్కు పెళుసై విఱుగును; మెత్తని యుక్కు త్వరగ మొద్దుబాఱును. మొద్దుకత్తిని బలముగ నొత్తవలసి వచ్చును. ఒత్తినప్పుడు జాఱి చేతిని కోయును. అలుగు పిడిచివరిదాఁక సాగియుండిన కత్తి దృఢము. పిడిలో సందులున్నచో నెత్తురు చేరి క్రుళ్ళును. పరాక్రమచిహ్నముగ నడుమునకు వ్రేలాడదీసికొను అడుగు పొడవు కత్తి ఈ పరీక్షలలో నిలువదు.

చదువరులారా, మన దేశమున 1972 సంవత్సరపు వన్యప్రాణి సంరక్షణ చట్టమును, దానికి 1991లో చేసిన సవరణయు వేఁటను దాదాపుగ నిషేధించినవి. అది మేలే. కాని తోలొలుచు పని మన గ్రామములలో వేఁటతో పుట్టినది కాదు, దానితో పోవునదియుఁ గాదు. చచ్చిన పశువు తోలొలిచి, ఊరివారికి చెప్పులును, మోటబావికి తోలును, వాద్యములకు మూఁతలును సమకూర్చినవారిని మనము ఊరివెలుపల నుంచితిమి. మృదంగనాదమును తలయూఁచి విన్నాము. దాని తోలు నొలిచిన చేతిని తాఁకుటకు సంకోచించితిమి. 1950 జనవరి 26న అమలులోనికి వచ్చిన రాజ్యాంగము తన 17వ అధికరణముచే అస్పృశ్యతను రద్దుచేసినది. రద్దు కావలసిన సంకోచము మన మనస్సులలో నింకను కొంత మిగిలియున్నది. ఓట్సీ రాతికత్తిని గాజుపెట్టె ముందు నిలిచి మెచ్చుకొను విద్యావంతులు, తమ యూరి చర్మకారుని చేతికత్తిని, దానిని వాడు నేర్పును అదే గౌరవముతో చూడనేర్తురుగాక.