బ్రెగ్జిట్: బ్రిటన్ ఓటరు విసుగు చరిత్ర

2016 జూన్ 23న జరిగిన ప్రజాభిప్రాయ సేకరణలో బ్రిటన్ ఓటర్లు యూరోపియన్ యూనియన్‌ నుంచి బయటికి రావాలని తీర్పు ఇచ్చారు. బయటికి పోదామన్నవారు 51.9 శాతం, ఉండిపోదామన్నవారు 48.1 శాతం. పోలింగ్ 72 శాతం దాటింది. ఆ తీర్పు అమలు కావడానికి మూడున్నరేళ్లు పట్టింది. ఈలోగా ఇద్దరు ప్రధానులు పదవి వదులుకున్నారు, రెండుసార్లు సార్వత్రిక ఎన్నికలు వచ్చాయి, పార్లమెంటు మీద జనానికి నమ్మకం బాగా సన్నగిల్లింది. బ్రెగ్జిట్‌ కోరినవారికీ, వద్దన్నవారికీ మధ్య ఏకాభిప్రాయం కుదిరింది ఒక్క విషయంలోనే: నాయకులు తమను వంచించారని. ఇంకా తేల్చరేమని ఒక వర్గానికి కోపం, తేల్చేస్తారేమోనని ఇంకో వర్గానికి కోపం.

ఈ అపనమ్మకం 2016లో పుట్టింది కాదు. ఆరు దేశాలు 1957లో రోమ్ ఒప్పందంతో ఉమ్మడి మార్కెట్టు పెట్టుకున్నప్పుడు బ్రిటన్ దూరంగా నిలబడింది. తర్వాత మనసు మార్చుకుని 1961లో దరఖాస్తు పెట్టింది. ఫ్రాన్స్ అధ్యక్షుడు డీగాల్ 1963లో ఒకసారి, 1967లో మరోసారి అడ్డం తిరిగాడు. ఎడ్వర్డ్ హీత్ ప్రధానిగా ఉండగా 1973 జనవరి 1న ఎట్టకేలకు సభ్యత్వం దక్కింది. అప్పుడు జనాన్ని ఎవరూ అడగలేదు. అడిగింది రెండేళ్ల తర్వాత, 1975 జూన్‌లో. మూడింట రెండు వంతుల మంది కొనసాగుదామన్నారు. ఆనాడు ఈ విషయంలో నిలువునా చీలింది లేబర్ పార్టీ. కన్సర్వేటివ్ నాయకురాలు మార్గరెట్ థాచర్ యూరప్ దేశాల జెండాలు అల్లిన స్వెటర్ వేసుకుని సభ్యత్వం కోసం ప్రచారం చేసింది. నలభై ఏళ్లకు పాత్రలు తారుమారయ్యాయి.

1975 ప్రచారం ఎక్కువగా ధరలు, ఉద్యోగాలు, వ్యాపారం చుట్టూనే తిరిగింది. సార్వభౌమత్వానికి ముప్పేమీ లేదని హీత్ ప్రభుత్వం అంతకుముందే శ్వేతపత్రంలో హామీ ఇచ్చింది. తర్వాత కూటమి అధికారాలు పెరుగుతూ పోయేసరికి ఈ హామీయే వ్యతిరేకుల చేతికి ఆయుధమైంది. సంతకని చెప్పి తీసుకెళ్లి సంసారంలో కలిపేశారన్నది వాళ్ల ఫిర్యాదు సారాంశం.

ఆ ఫిర్యాదుకు బలం చేకూర్చింది రాజకీయులే. కూటమిని యూరోపియన్ యూనియన్‌గా మార్చిన 1992 నాటి మాస్ట్రిక్ట్ ఒప్పందం మీద డెన్మార్క్, ఫ్రాన్స్ ప్రజల ఓటు కోరాయి. జాన్ మేజర్ ప్రభుత్వం కోరలేదు. యూరప్ రాజ్యాంగంపై ప్రజాభిప్రాయ సేకరణ జరుపుతామని లేబర్ పార్టీ 2005 మేనిఫెస్టోలో రాసింది. ఆ రాజ్యాంగం మూలనపడి, దాని స్థానంలో 2007లో లిస్బన్ ఒప్పందం వచ్చాక ఇది వేరే పత్రమంటూ ఓటు ఊసెత్తలేదు. లిస్బన్‌పై ఓటు ఖాయమని అదే ఏడాది గట్టిగా మాట ఇచ్చిన ప్రతిపక్ష నేత డేవిడ్ కామెరాన్, ఒప్పందం అమల్లోకి రాబోతుండగా 2009లో వెనక్కి తగ్గాడు. అడుగుతామని చెప్పి అడగకపోవడం ఇలా రెండు ప్రధాన పార్టీలకూ అలవాటైపోయింది.

అదే 2009 మే నెలలో డైలీ టెలిగ్రాఫ్ పత్రిక ఎంపీల ఖర్చుల చిట్టా బయటపెట్టింది. ఒక ఎంపీ తన తోటలోని కొలనులో బాతుల కోసం కట్టించిన బొమ్మరిల్లుకు 1,645 పౌండ్లు కోరాడు. ఆ బిల్లు మంజూరు కాలేదు గానీ బాతుల ఇల్లు మాత్రం జనం నోళ్లలో నానింది. ఇంకొకరి ఖర్చుల లెక్కలో సొంత భవంతి చుట్టూ ఉన్న కందకం శుభ్రం చేయించిన పద్దు కనిపించింది. బ్యాంకులు కుప్పకూలి జనం ఉద్యోగాలు పోగొట్టుకుంటున్న రోజులవి. స్పీకర్ మైకేల్ మార్టిన్ రాజీనామా చేయాల్సి వచ్చింది. ఈ కుంభకోణానికీ యూరప్‌కూ సంబంధం లేదు. అయినా ఏడేళ్ల తర్వాత పడిన ఓట్లలో దీని పాలు లేదనలేం.

వలసల విషయంలోనూ జనం గోడు పట్టించుకోని ఇదే తీరు. 2004లో తూర్పు యూరప్ దేశాలు కూటమిలో చేరినప్పుడు పెద్ద దేశాల్లో బ్రిటన్ ఒక్కటే వారి కార్మికులకు మొదటి రోజు నుంచీ తలుపులు తెరిచింది. ఏటా పదమూడు వేలకు మించి రారని ప్రభుత్వం చేయించిన అధ్యయనం అంచనా వేసింది. వచ్చింది లక్షల్లో. వాళ్ల వల్ల పొలాలకు, ఆస్పత్రులకు, హోటళ్లకు చేతులు దొరికాయి. కానీ లింకన్‌షైర్‌లోని బోస్టన్ లాంటి చిన్న ఊళ్లలో, కూరగాయలు కోసి ప్యాక్ చేసే పనికి కొన్నేళ్లలోనే వేల మంది వచ్చి చేరినప్పుడు, బడుల్లో, డాక్టర్ల దగ్గర, అద్దె ఇళ్ల దగ్గర ఒత్తిడి పెరిగింది. దాన్ని ప్రస్తావించినవారిని నాయకులు సంకుచితులన్నట్టు చూశారు. 2016లో బోస్టన్‌లో 75.6 శాతం ఓట్లు బ్రెగ్జిట్‌కే పడ్డాయి.

2014 యూరోపియన్ పార్లమెంటు ఎన్నికల్లో నైజెల్ ఫరాజ్ నడిపిన, యూరప్ సభ్యత్వాన్ని వ్యతిరేకించే యూకిప్ పార్టీ దేశంలో మొదటి స్థానం సంపాదించింది. ఆ ముప్పు ముందే పసిగట్టిన కామెరాన్, 2013 జనవరిలోనే ప్రజాభిప్రాయ సేకరణ జరుపుతానని ప్రకటించాడు. సొంత పార్టీలో పోరు చల్లార్చడానికి వేసిన ఎత్తు అది. 2015లో అనుకోకుండా పూర్తి మెజారిటీ రావడంతో మాట నిలబెట్టుకోక తప్పలేదు.

ప్రచారంలో ఇరుపక్షాలూ నోటికి హద్దు పెట్టుకోలేదు. యూరప్‌కు వారానికి 35 కోట్ల పౌండ్లు పంపుతున్నామని, ఆ డబ్బు ప్రభుత్వ వైద్యానికి మళ్లించాలని ఎర్ర బస్సు మీద రాసుకుని ఒక పక్షం ఊరూరా తిరిగింది. బ్రిటన్‌కు తిరిగొచ్చే సొమ్మును ఆ అంకెలోంచి తీసేయలేదు. అది తప్పుదోవ పట్టించేదని ప్రభుత్వ గణాంకాల ప్రాధికార సంస్థ చెప్పినా బస్సు ఆగలేదు. బయటికి వెళ్తే కుటుంబానికి ఏటా 4,300 పౌండ్ల నష్టమని ఆర్థిక శాఖ భయపెట్టింది. జూన్ 15న ఫరాజ్ చేపల పడవల దండుతో థేమ్స్ నది మీద పార్లమెంటు ముందుకు వచ్చాడు; గాయకుడు బాబ్ గెల్డాఫ్ మరో పడవెక్కి వాళ్లను ఎద్దేవా చేశాడు. యూరప్ నిబంధనల వల్ల బతుకుదెరువు పోయిందని వచ్చిన జాలర్లను లండన్ శ్రీమంతుడొకడు వెక్కిరించిన దృశ్యంగా అది చాలామందికి గుర్తుండిపోయింది. మర్నాడే, సభ్యత్వానికి అనుకూలంగా ప్రచారం చేస్తున్న లేబర్ ఎంపీ జో కాక్స్‌ను ఆమె సొంత నియోజకవర్గంలో ఒక తీవ్ర జాతీయవాది హత్య చేశాడు.

ఓటు పత్రంలో ఉన్నది ఒకటే ప్రశ్న: ఉండాలా, పోవాలా? పోతే ఎలా పోవాలో అందులో లేదు. నార్వేలాగా ఒకే మార్కెట్టులో కొనసాగాలా, కస్టమ్స్ యూనియన్ వరకు ఉంచుకోవాలా, కెనడాలాగా వ్యాపార ఒప్పందంతో సరిపెట్టుకోవాలా, ఏ ఒప్పందమూ లేకుండా తెంచుకోవాలా? గెలిచినవారిలోనే వీటిపై నాలుగు అభిప్రాయాలు. ప్రభుత్వం దగ్గరా ప్రణాళిక లేదు. ఉండిపోదామని ప్రచారం చేసి, ఓడిపోతామనుకోని కామెరాన్ మర్నాటి ఉదయమే రాజీనామా ప్రకటించాడు. తర్వాతి గందరగోళానికి ఎంపీల మొండితనం కన్నా ఈ ఖాళీయే మూలం.

కామెరాన్ స్థానంలో వచ్చిన థెరెసా మే 2017 మార్చి 29న యూరప్‌కు అధికారికంగా నోటీసు ఇచ్చింది. రెండేళ్ల గడువు మొదలైంది. అంతలో మెజారిటీ పెంచుకుందామని జూన్‌లో మధ్యంతర ఎన్నికలకు వెళ్లింది. ఎన్నికల ప్రకటన వెలువడిన రోజు టీవీ విలేకరి వీధిలో పలకరిస్తే, మళ్లీ ఎన్నికలా, ఈమెకిప్పుడు ఇదేం అవసరమని ఒక వృద్ధురాలు తలపట్టుకుంది. ఆ కొన్ని సెకన్ల వీడియో దేశమంతా చూసింది. ఫలితాల్లో మే ఉన్న మెజారిటీ కూడా పోగొట్టుకుని, ఉత్తర ఐర్లండ్‌కు చెందిన బ్రిటన్‌తో కలిసి ఉండాలనే డీయూపీ పార్టీ పది మంది ఎంపీల దయ మీద ఆధారపడింది.

పీటముడి పడింది సరిగ్గా అక్కడే. కూటమి నుంచి బయటపడితే ఉత్తర ఐర్లండ్‌కూ ఐర్లండ్‌ రిపబ్లిక్‌కూ మధ్య కస్టమ్స్ తనిఖీలు రావాలి. వస్తే అక్కడి హింసకు తెరదించిన 1998 శాంతి ఒప్పందానికి ఎసరు. సరిహద్దు తెరిచే ఉంచేందుకు, వేరే దారి దొరికేవరకు దేశం మొత్తం యూరప్ సుంకాల పరిధిలోనే ఉంటుందని మే ఒప్పుకుంది. ఇది బ్రెగ్జిట్ కాదని ఒక వర్గం, ఇంతకన్నా ఉండిపోవడమే మేలని మరో వర్గం ఎదురుతిరిగాయి. 2019 జనవరి 15న ఆ ఒప్పందం 432–202 ఓట్లతో వీగిపోయింది. ఆధునిక కాలంలో ఏ బ్రిటిష్ ప్రభుత్వమూ సభలో ఇంత తేడాతో ఓడలేదు.

మార్చి 20 రాత్రి మే టీవీలో ప్రసంగిస్తూ, జనం విసిగిపోయారని, తాను వారి పక్షాన ఉన్నానని, జాప్యానికి కారకులు ఎంపీలేనని చెప్పింది. ఎవరి మద్దతు లేనిదే పని జరగదో వాళ్లనే జనం ముందు దోషులుగా నిలబెట్టింది. మర్నాడు, బ్రెగ్జిట్ రద్దు చేయమన్న ఆన్‌లైన్ వినతిపత్రం మీద సంతకాలు వెల్లువెత్తి పార్లమెంటు వెబ్‌సైట్ స్తంభించింది. చివరికి అవి 60 లక్షలు దాటాయి. 23న మళ్లీ ఓటు కోరుతూ లండన్‌లో భారీ ప్రదర్శన జరిగింది. 27న ఎంపీలు ఎనిమిది ప్రత్యామ్నాయాలపై ఓటేసి ఎనిమిదింటినీ తిరస్కరించారు. నిష్క్రమణ జరగాల్సిన 29వ తేదీన మే ఒప్పందం మూడోసారి ఓడిపోయింది. సండర్లాండ్ నుంచి పాదయాత్రగా వచ్చినవారితో సహా బ్రెగ్జిట్ వాదులు పార్లమెంటు బయట నిలబడి ద్రోహం, ద్రోహం అని అరిచారు. ఏప్రిల్ 1న మరో నాలుగు ప్రత్యామ్నాయాలు వచ్చాయి. కస్టమ్స్ యూనియన్ ప్రతిపాదన మూడంటే మూడు ఓట్లతో పోయింది. అన్నింటినీ కాదనడానికి సభలో మెజారిటీ ఉంది. ఏ ఒక్కదాన్నీ ఔననడానికి లేదు. ఏప్రిల్ 4న పన్నుల మీద చర్చ జరుగుతుండగా పైకప్పులోంచి నీళ్లు కారి సమావేశం ఆపేశారు. వ్యంగ్య చిత్రకారులకు పెద్దగా కష్టపడే పని లేకుండా పోయింది.

విసుగు లెక్కల్లోకీ ఎక్కింది. పాలనా వ్యవస్థకు గణనీయమైన సంస్కరణ అవసరమని 72 శాతం, నియమాలు తోసిరాజనే బలమైన నాయకుడు కావాలని 54 శాతం అన్నట్టు హాన్సార్డ్ సొసైటీ 2019 సర్వేలో తేలింది. మే నెల స్థానిక ఎన్నికల్లో కన్సర్వేటివ్‌లు 1,300కు పైగా కౌన్సిలర్ స్థానాలు కోల్పోయారు. వెళ్లిపోయి ఉండాల్సిన యూరప్ పార్లమెంటుకు అదే నెల 23న ఎన్నికలు జరిగితే, కొన్ని నెలల వయసున్న ఫరాజ్ బ్రెగ్జిట్ పార్టీ 29 స్థానాలతో మొదట నిలిచింది. బ్రెగ్జిట్ వద్దే వద్దన్న లిబరల్ డెమొక్రాట్లు రెండో స్థానం. అధికార పార్టీ అయిదోది. మధ్యేమార్గం అన్నవారిని రెండు వైపుల నుంచీ దండించారు. ఆ ఫలితాలు రాకముందే, పోలింగ్ మర్నాడే మే కన్నీళ్లతో రాజీనామా ప్రకటించింది.

జులైలో ప్రధాని అయిన బోరిస్ జాన్సన్ ఈ విసుగునే పెట్టుబడిగా మార్చుకున్నాడు. పార్లమెంటును అయిదు వారాలకని మూసేస్తే, అది చట్టవిరుద్ధమని సుప్రీంకోర్టులో పదకొండు మంది న్యాయమూర్తులు ఏకగ్రీవంగా తీర్పు చెప్పారు. అక్టోబర్ 31న ఏది ఏమైనా వెళ్లిపోతామన్న మాట కూడా నిలవలేదు. ఆ తేదీతో ముద్రించిన 50 పెన్నీల స్మారక నాణేలను ప్రభుత్వ టంకశాల కరిగించాల్సి వచ్చింది. అయినా నింద ఆయన మీద పడలేదు, పార్లమెంటు మీదే పడింది. బ్రెగ్జిట్ పూర్తి చేద్దామన్న ఒక్క నినాదంతో డిసెంబర్ 12 ఎన్నికల్లో 365 స్థానాలు గెలిచాడు. తరతరాలుగా లేబర్‌కు ఓటేసిన బొగ్గుగనుల ఊళ్లు కూడా ఆయన వైపు తిరిగాయి. అందులో యూరప్ మీద ద్వేషం ఎంతో, ఈ గొడవ ఇక ఆపండ్రా బాబూ అన్న బాధా అంతే. 2020 జనవరి 31 రాత్రి 11 గంటలకు బ్రిటన్ బయటికి వచ్చింది.

గొడవ ఆగలేదు. జాన్సన్ కుదుర్చుకున్న ఒప్పందంతో తనిఖీల గీత ఐర్లండ్ సముద్రంలోకి జరిగింది. అందుకు నిరసనగా డీయూపీ 2022 నుంచి రెండేళ్లు ఉత్తర ఐర్లండ్ ప్రభుత్వాన్ని స్తంభింపజేసింది. 2021 జనవరిలో, కాగితాల చిక్కుల వల్ల సరుకు కుళ్లిపోతోందని స్కాట్లండ్ పీతలు, రొయ్యల వ్యాపారులు లారీలు తెచ్చి ప్రధాని నివాసం దగ్గర నిలబెట్టారు. అదే నెలలో ఒక మంత్రి, చేపలు ఇప్పుడు బ్రిటిష్ చేపలయ్యాయి కాబట్టి ఇంకా సంతోషంగా ఉన్నాయని సభలో చమత్కరించాడు. జాలర్లకు నవ్వు రాలేదు. నిజానికి హల్, గ్రిమ్స్‌బీ రేవులను ఎక్కువగా దెబ్బతీసింది 1970లలో ఐస్‌లాండ్ తన జలాల్లోంచి బ్రిటిష్ పడవలను తరిమేయడం. ఆ నష్టాన్ని యూరప్ ఖాతాలో రాసి, బయటికొస్తే చేపలన్నీ మీవేనని ఊరించింది మాత్రం రాజకీయులు.

సొంతంగా వ్యాపార ఒప్పందాలు చేసుకునే స్వేచ్ఛ బ్రెగ్జిట్ ఇచ్చిన నిజమైన ఫలం. 2025 జులై 24న భారత్‌తో సంతకాలైన ఒప్పందం వాటిలో పెద్దది. బ్రిటన్‌కు వెళ్లే రొయ్యల మీద సుంకం ఎత్తేయాలన్న నిబంధన ఉండటంతో ఆంధ్ర తీరంలోనూ దాని గురించి ఆసక్తి కనిపించింది. దానివల్ల దీర్ఘకాలంలో తమ జాతీయోత్పత్తి దాదాపు 0.1 శాతం పెరుగుతుందని బ్రిటన్ ప్రభుత్వ అంచనా. బ్రెగ్జిట్ వల్ల దేశ ఉత్పాదకత దీర్ఘకాలంలో 4 శాతం తగ్గుతుందని అదే దేశపు బడ్జెట్ బాధ్యతల కార్యాలయం లెక్కగట్టింది.

పార్టీ ప్రయోజనం కన్నా దేశ ప్రయోజనానికి ప్రభుత్వాలు పెద్దపీట వేస్తాయని తాము దాదాపు ఎన్నడూ నమ్మబోమన్నవారు 2024లో వెలువడిన బ్రిటిష్ సామాజిక వైఖరుల సర్వేలో 45 శాతం. అది అప్పటికి రికార్డు. ఆ ఏడాది జులై ఎన్నికల్లో కన్సర్వేటివ్‌లు 121 స్థానాలకు పడిపోయారు. పేరు మార్చుకున్న ఫరాజ్ పార్టీ రిఫార్మ్ యూకేకు 14 శాతం ఓట్లు, అయిదు స్థానాలు వచ్చాయి. అధికారంలోకి వచ్చిన లేబర్ ప్రధాని కీర్ స్టార్మర్ 2025 మేలో యూరప్‌తో సంబంధాలు చక్కదిద్దుకునే ఒప్పందం కుదుర్చుకున్నాడు. అందులో భాగంగా యూరప్ పడవలకు బ్రిటిష్ జలాల్లో 2038 వరకు వేటకు అనుమతి దక్కింది. జాలర్ల సంఘాలు దీన్ని తీవ్రంగా తప్పుబట్టాయి. ఒకే మార్కెట్టులోకి, కస్టమ్స్ యూనియన్‌లోకి తిరిగి వెళ్లడానికి ప్రభుత్వానికి ధైర్యం చాలలేదని యూరప్ అనుకూలురు పెదవి విరిచారు.