ముందే అనుకున్న మాట

శంషాబాదులో విమానం దిగి పెట్టె అందుకున్నప్పుడు, దాని పిడికి కట్టిన చీటీ మీద హెచ్, వై, డి అనే మూడక్షరాలు కనిపిస్తాయి. హైదరాబాదు అని అర్థం. ఒకప్పుడు ఆ మూడక్షరాలూ బేగంపేటవి. 2008 మార్చిలో విమానాలు శంషాబాదుకు తరలినప్పుడు అవి కూడా మకాం మార్చాయి. బేగంపేటకు బి, పి, ఎం అని వేరే గుర్తు దక్కింది. అక్షరాలవే, వాటి చిరునామా మాత్రం ఇరవై కిలోమీటర్లకు పైగా జరిగింది! ఊరూరా విమానాలవాళ్ళంతా మార్పు ఒప్పుకున్నారు గనుక సరిపోయింది. సగం మంది కొత్త అర్థం, సగం మంది పాత అర్థం పట్టుకుని కూర్చుంటే మన పెట్టెల గతి ఏమయ్యేది?

మాటకు అర్థం మాటలో లేదు, ముందే కూడబలుక్కోవడంలో వుంది. ఈ సంగతి బ్రిడ్జి ఆడేవాళ్ళకు తెలిసినంత బాగా ఇంకెవరికీ తెలియదు.

"పేకాట గురించా?" అని ముఖం చిట్లించకండి. చతుర్ముఖ పారాయణమని మనం వేళాకోళం చేసే ఆటలన్నీ ఒక్క గాటన కట్టేవి కావు. ఈ మాట అన్నది నేను కాదు, సుప్రీంకోర్టు. 1963లో సికింద్రాబాదులోని క్రెసెంట్ రిక్రియేషన్ క్లబ్బు మీద పోలీసులు దాడి చేసి, రమ్మీ ఆడుతున్నవాళ్ళను పట్టుకున్నారు. కేసు ఢిల్లీ దాకా వెళ్ళింది. 1967లో తీర్పు వచ్చింది. రమ్మీ మూడు ముక్కలాట లాగా వట్టి అదృష్టం కాదు, పడిన ముక్కల్ని గుర్తుపెట్టుకోవాలి, ఏది వుంచుకోవాలో ఏది పారెయ్యాలో తెలియాలి, అందులోని అదృష్టం బ్రిడ్జిలో ముక్కలు పంచినప్పుడు వుండే అదృష్టం లాంటిదేనని న్యాయమూర్తులు చెప్పారు. అంటే నేర్పుకి కొలబద్దగా వాళ్ళు చూపించింది బ్రిడ్జినే!

ముక్కల పేర్లు మనకు కొత్తవి కావు. ఇస్పేటు, ఆఠీను, డైమను, కళావరు. ఈ కళావరు డచ్చి మాట. వాళ్ళ భాషలో క్లావర్ అంటే మూడాకుల గడ్డి. పదిహేడో శతాబ్దంలో మచిలీపట్నంలో వర్తకం చేసిన డచ్చివాళ్ళు వెళ్ళిపోయారు గాని, మాట మన అరుగుల మీద వుండిపోయింది.

బ్రిడ్జికి నలుగురు కావాలి. ఎదురెదురుగా కూర్చున్నవాళ్ళు ఒక జంట. తలా 13 ముక్కలు. ఆట మొదలయ్యే ముందు వేలంపాట జరుగుతుంది. "ఫలానా జాతి తురుఫైతే మేం ఇన్ని పట్లు పడతాం" అని పాడాలి. 1925లో హెరాల్డ్ వాండర్‌బిల్ట్ అనే అమెరికా శ్రీమంతుడు పనామా కాలువ గుండా ఓడలో వెళుతూ ఈ ఆట లెక్కల్ని తిరగరాశాడు. ఎన్ని పట్లు పట్టినా సరే, పాడిన మేరకే ఆట గెలుపు అన్నాడు. దాంతో పాటే ఆటకు ప్రాణమైంది. పాడటానికున్నవి పదిహేను మాటలే: ఒకటి నుంచి ఏడు వరకు అంకెలు, నాలుగు జాతుల పేర్లు, తురుఫు వద్దనే నో ట్రంప్, ఇక పాస్, డబుల్, రీడబుల్. చేతిలోని 13 ముక్కల కథంతా వీటితోనే మన జంటకు చెప్పాలి. కన్ను గీటకూడదు, గొంతు సవరించకూడదు.

ఇప్పుడు ఎదుటి జంటలో ఒకరు "ఒక ఆఠీను" అని పాడారనుకోండి. మీ చేతిలో ఇస్పేట్లు ఐదు, డైమన్లు ఐదు వున్నాయి. ముందు ఇస్పేట్లు పాడితే, డైమన్ల సంగతి చెప్పేలోగా వాళ్ళు పాటను అందనంత ఎత్తుకు తీసుకుపోవచ్చు. ఒక్క మాటలో రెండు జాతులూ చెప్పాలి. ఎలా?

వాళ్ళు పాడిన జాతినే మీరూ "రెండు ఆఠీన్లు" అని పాడటం పైకి అర్థం లేని పని. వాళ్ళకు బలమున్న జాతి మనకెందుకు? అర్థం లేదు గనుకనే దానికి ఒక అర్థం తొడగవచ్చు. పూర్వం దానికి "నా చెయ్యి బ్రహ్మాండంగా వుంది, పాట ఆపకు" అని అర్థం. అంత గొప్ప చెయ్యి ఎప్పుడో గాని రాదు. మైక్ మైకేల్స్ అనే అమెరికా ఆయన దాన్ని రెండు జాతుల చేతికి ఇచ్చేశాడు. ఒక ఆఠీను మీద రెండు ఆఠీన్లంటే, "నాకు ఇస్పేట్లు ఐదు, కళావర్లో డైమన్లో ఇంకో ఐదు" అని. అంతకు ముందే 1948లో ఆల్ రాత్ అనే ఆయన ఇలాంటి పనే "రెండు నో ట్రంప్" అనే మాటకు అప్పజెప్పాడు. ఆఠీను మీద అలా పాడితే కళావర్లు, డైమన్లు రెండూ వున్నాయన్న మాట.

ఫ్రాన్సులో పియర్ గెస్టెం ఇంకో అడుగు వేశాడు. ఈయన చెకర్స్ ఆటలో కూడా ప్రపంచ విజేత. ఎదుటివాళ్ళు ఒక జాతి పాడితే మిగిలేవి మూడు. ఆ మూడింటిలో ఏ రెండు తీసుకున్నా అయ్యే జతలు మూడే. జతకో మాట కేటాయించాడు. లెక్క ముచ్చటగా వుంది గాని ఒకటే చిక్కు. బాగా వాడుకలో వున్న రకం ప్రకారం, ఆఠీను మీద "మూడు కళావర్లు" అంటే ఇస్పేట్లు, డైమన్లు వున్నాయని! ఒకరికి ఒప్పందం గుర్తుండి, రెండోవారు చేతినిండా కళావర్లు చూసుకుని మురిసిపోయి ఆ మాట పాడేశారో, ఇక చూడండి తమాషా.

అయితే ఈ ఒప్పందాలకు గొప్ప కట్టుబాటు ఒకటి వుంది. అవి రహస్యం కాకూడదు. మన ఇళ్ళల్లో చుట్టాలు హాల్లో కూర్చుని వుండగా, "ఏమండీ, ఒక్కసారి ఇలా వస్తారా?" అని వంటింట్లోంచి పిలుస్తాం. పాలు నిండుకున్నాయని దాని భావం. ఆయనకు తెలుసు, చుట్టాలకు తెలియదు. ఇదే బ్రిడ్జి అయితే చుట్టాలు ఆయన్ని నిలదీసి "మీ ఆవిడ పిలుపుకి అర్థమేమిటండీ?" అని అడగవచ్చు. ఆయన దాచకుండా "పాలు నిండుకున్నాయండీ" అని చెప్పి తీరాలి!

బ్రిడ్జిలో పాడినవారు తమ పాటకు అర్థం చెప్పరు, వారి జంట చెప్పాలి. ఆ జంట తప్పు అర్థం చెబితే మాత్రం పాడినవారికి అగ్నిపరీక్షే. కనుబొమ్మ కదపకూడదు. "అయ్యో, మరిచిపోయారన్న మాట" అని తెలిసిపోయినా, తెలియనట్టే మిగతా పాట పాడాలి. సమయం వచ్చినప్పుడు తప్పును తామే ఎదుటివాళ్ళకు చెప్పాలి. ఒప్పందం మరిచి పాడటం నేరం కాదు, దాని నష్టం వాళ్ళదే. ఒప్పందాన్ని ఎదుటివాళ్ళకు తెలియకుండా దాచడం నేరం.

అందరూ ఇంత నిష్ఠగా వుంటారా అంటే, ఎక్కడ! 1975లో బెర్ముడాలో జరిగిన ప్రపంచ పోటీల్లో, జంట ముఖాలు ఒకరికొకరు కనబడకుండా మొదటిసారి బల్లకు అడ్డంగా తెర కట్టారు. ముఖాలకైతే తెర కట్టారు గాని కాళ్ళ సంగతి మరిచారు. ఇటలీ ఆటగాడొకడు బల్ల కింద తన జంట కాలిని తాకుతున్నాడని గొడవ లేచింది. మందలించి వదిలేసి, బల్ల కింద కూడా అడ్డం పెట్టారు.

ఆడవాళ్ళకు ఈ బల్ల దగ్గర చోటు ఎప్పుడో దొరికింది. 1931 డిసెంబరులో న్యూయార్కులో ఎలీ కల్బర్ట్‌సన్ ఆడిన సుప్రసిద్ధ పోటీలో ఎదురుగా కూర్చున్న జంట ఆయన భార్య జోసెఫీనే. గెలుపు వాళ్ళదే. 2018లో జకార్తా ఆసియా క్రీడల్లో బ్రిడ్జి తొలిసారి ప్రవేశించింది. ముగ్గురు స్త్రీలు, ముగ్గురు పురుషులున్న మన మిశ్రమ జట్టు కాంస్యం తెచ్చింది. అందులో బాచిరాజు సత్యనారాయణ అనే తెలుగు పేరూ వుంది. పురుషుల జంటగా స్వర్ణం గెలిచిన ప్రణబ్ బర్ధన్‌కు అప్పటికి 60 ఏళ్ళు, శివనాథ్ సర్కార్‌కు 56.

మీరూ, మీవారూ ఎప్పుడైనా జంటగా కూర్చోవలసి వస్తే, ముందురోజు రాత్రి భోజనాలయ్యాక ఒక పావుగంట కేటాయించండి. "వాళ్ళు ఆఠీను పాడారు, నేను రెండు ఆఠీన్లన్నాను. మీకేం అర్థమైంది?" అని అడగండి. జవాబు మీరనుకున్నది కాకపోతే అక్కడే పోట్లాడుకోండి. ముక్కలు పంచాక ఆ మాట అడగడానికి వీల్లేదు.