నీరు మ్రింగిన గాలి

రాగి, ఇత్తడి పాత్రలకు కళాయి పూయువాడు వేడెక్కిన పాత్రలో తగరముతోపాటు చిటికెడు తెల్లని పొడి చల్లి గుడ్డతో రుద్దును. వెంటనే తెల్లని పొగ లేచును. ఆ పొడియే నవాసారము. రసాయన శాస్త్రమున దీనికి అమ్మోనియం క్లోరైడు అని పేరు. దీనిని సున్నముతో కలిపి నూరినచో కండ్ల నీరు తెప్పించు ఘాటు పుట్టును. ఈ ఘాటైన వాయువు మానవుని చేతికి చిక్కిన కథ విచిత్రమైనది.

నవాసారము చాల ప్రాచీనమైన వస్తువు. ఇటుకలు కాల్చునపుడు ఈ లవణము పుట్టునని మన రసశాస్త్ర గ్రంథమగు రసరత్నసముచ్చయము చెప్పుచున్నది. ఈజిప్టు దేశమున పేడను వంటచెరకుగా వాడగా ఏర్పడిన మసిని గాజుబుడ్లలో కాచి దీనిని తీసెడివారు. వేడికి నవాసారము కరగదు. నేరుగా ఆవిరియై, బుడ్డి పైభాగమున చల్లబడి గడ్డకట్టును. 18వ శతాబ్దిలో ఎడింబరో నగరమున, భూగర్భ శాస్త్రజ్ఞుడుగా పేరొందిన జేమ్స్ హట్టన్, తన మిత్రుడు డేవీతో కలిసి పొగగొట్టముల మసినుండియే దీనిని తయారుచేసెను.

1727లో ఇంగ్లండున స్టీఫెన్ హేల్సు నవాసారమును, సున్నమును కలిపి కాచెను. పదార్థములనుండి వెలువడు వాయువులను నీటిమీద పట్టుట ఆయన పద్ధతి. కాని ఈ పర్యాయము పాత్రలోనికి ఒక్క బుడగయైన రాలేదు. పైగా నీరే వెనుకకు పరికరములోనికి ఎగబ్రాకెను! క్రొత్త వాయువేదియు ఆయనకు చిక్కలేదు.

దాదాపు అర్ధశతాబ్ది గడచిన పిమ్మట జోసఫ్ ప్రీస్ట్లీ ఆ ప్రయోగమునే మరల చేసెను. నవాసారము ఒక వంతు, చల్లార్చిన సున్నము మూడు వంతులు తీసికొనెను. ఆయన చేసిన మార్పు ఒక్కటే: నీటికి బదులు పాదరసము వాడెను. రంగులేని వాయువు పాత్రనిండ నిలిచెను. దానికి 'క్షారవాయువు' అని పేరిడి, 1774లో ప్రకటించిన గ్రంథమున వర్ణించెను. అదియే నేటి అమ్మోనియా.

హేల్సు ప్రయోగమున వాయువు పుట్టకపోలేదు. పుట్టినదానినెల్ల నీరు మ్రింగెను. సాధారణ ఉష్ణోగ్రతవద్ద ఒక ఘనపరిమాణము నీటిలో సుమారు 700 ఘనపరిమాణముల అమ్మోనియా కరగును. వాయువు కరగిపోగా పరికరములోని పీడనము తగ్గును. అప్పుడు బయటి వాతావరణ పీడనము నీటిని లోనికి నెట్టును. హేల్సు వెదకిన వాయువు ఆ నీటిలోనే ఉన్నది. ఆ నీరే అమ్మోనియా ద్రావణము!

ఈ వాయువులో విద్యుత్ స్ఫులింగములు ప్రసరింపజేసినచో పరిమాణము పెరుగునని ప్రీస్ట్లీ గమనించెను. ఇందు నత్రజని ఒక పాలు, ఉదజని మూడు పాళ్లు కలవని 1785లో ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు బెర్తొలే తేల్చెను. ఆ రెండింటిని నేరుగా కలిపి అమ్మోనియాను చేయు మార్గమును 1909లో జర్మనీలో ఫ్రిట్జ్ హేబర్ చూపెను. 1913లో ఓపౌలో కర్మాగారము వెలసెను. పూర్వము లవణమునుండి వాయువును తీసిరి. నేడు ఆ వాయువునుండియే అమ్మోనియం లవణములను, ఎరువులను చేయుచున్నారు.

హేల్సును ఓడించిన గుణమే నేడు పాఠశాలలలో ఫౌంటెన్ ప్రయోగముగా కనువిందు చేయుచున్నది. అమ్మోనియా నింపిన గాజుకుప్పెను బోర్లించి, లోనికి కొన్ని నీటిచుక్కలు పంపగానే, క్రింది పాత్రలోని ఎర్ర లిట్మసు నీరు పైకి చిమ్మి నీలముగా మారును. ఈ వాయువు కండ్లకు, ఊపిరితిత్తులకు హానికరము. కావున గాలి ధారాళముగా ఆడు ప్రయోగశాలలో ఉపాధ్యాయుడే దీనిని చేసి చూపవలెను. చూచిన పిదప విద్యార్థులను ఒక ప్రశ్న అడుగవచ్చును: పాత్రలోనికి ఏమియు రానంతమాత్రమున, ఏమియు పుట్టలేదని చెప్పవచ్చునా?