పెద్దపల్లి రేవు

మా అడవులదీవి వాళ్లకు పక్కనున్న నిజాంపట్నం అంటే బోట్లు, ఐసు, గట్టున ఆరేసిన వలలు. ఆ రేవుకు పెద్దపల్లి అని పాత పేరుండేదనీ, తెల్లవాళ్లు దాన్నే పెటపోలి అని రాసుకున్నారనీ తెలిశాక, నాటి ఇల్లు ఒక్కటైనా ఎందుకు మిగల్లేదన్న ప్రశ్న నన్ను వదల్లేదు.

గోల్కొండ సుల్తానుల ఏలుబడిలో, 1606లో డచ్చివాళ్లు ఇక్కడ వ్యాపార కోఠీ పెట్టారు. 1611 ఆగస్టులో ఇంగ్లీషువాళ్ల 'గ్లోబ్' ఓడ పులికాట్ చేరితే అక్కడి డచ్చివాళ్లు అడ్డుపడ్డారు. ఓడ ఇటు మళ్లింది. కొందరిని ఇక్కడ దించి మచిలీపట్నం వెళ్లింది. అలా ఇంగ్లీషు కంపెనీ వ్యాపారం తూర్పు తీరాన ముందుగా మొదలైంది మా రేవులోనే.

వాళ్లొచ్చింది ఎర్రబట్ట కోసం. ఇసుక నేలలో పెరిగే చిరివేరుతో అద్దిన ఎరుపు ఎంత ఉతికినా వెలిసేది కాదు. జావా వైపు దీవుల్లో మిరియాలకు, లవంగాలకు వెండి కంటే ఆ బట్టే బాగా మారేది. ఓడకు ఉప్పుటేరు కావాలి, అద్దకానికి మంచినీళ్లు కావాలి. ఈ రెండూ దగ్గర దగ్గరగా దొరికే చోటే నేతగాళ్లు, అద్దకంవాళ్లు, పడవలవాళ్లు బతకగలరు. లంగరు వేసిన పెద్ద ఓడకూ ఒడ్డుకూ మధ్య సరుకు మోసింది ఈ పడవలవాళ్లే. నా దృష్టిలో రేవంటే వాళ్లే.

తర్వాత వ్యాపారం మచిలీపట్నానికి తరలింది. ఇంగ్లీషువాళ్లు 1687లో ఇక్కడి తమ కోఠీ మూసేశారు. 1868లో జర్మన్లు ఆ ఎరుపును రసాయనాలతో తయారు చేయడం కనిపెట్టాక చిరివేరు తవ్వే పనే పోయింది.

ఇక ఇళ్ల సంగతి. మట్టిగోడ, తాటాకు కప్పు. 1864 నవంబరు 1న మచిలీపట్నాన్ని ముంచిన ఉప్పెన, 1977 నవంబరు 19న దివిసీమనూ మా తీరాన్నీ తుడిచేసిన ఉప్పెన లాంటివి వస్తే ఆ గోడలు ఎంతసేపు నిలుస్తాయి? డెబ్బైఏడు గాలివాన గురించి చెబుతూ మా నాయనమ్మ, "ఇల్లు పోతే మళ్లీ కట్టుకున్నాం రా, మడ అడ్డం లేకపోతే మనుషులే ఉండేవాళ్లు కాదు" అనేది. అలల జోరును మడచెట్ల వేళ్లు విరిచేస్తాయి. రొయ్యల చెరువుల కోసం ఆ మడను నరికిన చోట్లు చూస్తే నాకు కడుపు మండుతుంది. ఈ పల్లెకు కోటగోడ ఏదైనా ఉందంటే అది మడే. దాన్నైనా ఉంచాలి.