ఎర్ర పావు పెత్తనం

1979లో పశ్చిమ జర్మనీలో ఒక ఆటకు బహుమతి ఇచ్చారు. ఇచ్చింది ప్రభుత్వం కాదు, బొమ్మల వర్తకుల సంఘమూ కాదు. పత్రికల్లో, రేడియోలో ఆటల గురించి రాసే కొద్దిమంది సమీక్షకులు అంతకు ముందు ఏడాది ఒక బృందంగా కూడి, కొత్తగా వచ్చిన ఆటలు ఆడి చూసి, ఒకదాన్ని ఎంచారు. బహుమతి పేరు ‘ష్పీల్ డెస్ యారెస్’, అంటే ఆ ఏటి ఆట. నగదు లేదు. ఈనాటికీ లేదు. గెలిచిన ఆట పెట్టె మీద ఎర్ర పావు గుర్తు వేసుకోవచ్చు, అంతే. వేసుకున్నందుకు తిరిగి ప్రచురణకర్తే బృందానికి రుసుము కట్టాలి!

అయినా ఆ పావు కోసం కంపెనీలు పడిగాపులు పడతాయి. మామూలుగా కొన్ని వేల పెట్టెలు అమ్ముడయ్యే ఆట, ఆ గుర్తు పడిందంటే లక్షల్లో పోతుంది.

అప్పటిదాకా జర్మన్ ఇళ్లలో రాజ్యమేలిన ఆట ‘మెన్ష్ ఎర్గెరె డిష్ నిష్ట్’. 20వ శతాబ్దం తొలి ఏళ్లలో యోసెఫ్ ష్మిట్ తయారుచేసిన ఈ ఆట మన పచ్చీసు వంశంలోదే. నాలుగు చేతుల బాట, నాలుగు రంగుల కాయలు, ఎదుటివాడి కాయను చంపడం, మన కాయను పండించుకోవడం, అన్నీ తెలిసినవే. మొదటి ప్రపంచ యుద్ధంలో గాయపడిన సైనికుల ఆసుపత్రులకు ష్మిట్ 3,000 పెట్టెలు ఉచితంగా పంపాడు. ఆ తర్వాత ఆట దేశమంతా పాకింది. సరదాకు లోటు లేదు గానీ బుర్రకు పని తక్కువ. ఆరు పడితే కాయ దిగుతుంది, పడకపోతే చేతులు కట్టుకుని కూర్చోవాలి.

తొలి బహుమతి పొందిన ‘కుందేలు–ముళ్లపంది’లో కాయ కదపడానికి పాచికే లేదు. ఆటను కట్టింది ఇంగ్లండుకు చెందిన డేవిడ్ పార్లెట్. అక్కడ 1970ల్లోనే వచ్చిన ఈ కుందేలు–తాబేలు పందేన్ని రావెన్స్‌బుర్గర్ కంపెనీ జర్మనీకి తెచ్చింది. గ్రిమ్ సోదరుల కథలో కుందేలును ఓడించేది ముళ్లపంది కాబట్టి తాబేలు కాస్తా ముళ్లపంది అయిపోయింది. ఆటలో ఇంధనం క్యారెట్లు. ఒక గడి కదిలితే ఒకటి, రెండు గడులకు మూడు, మూడు గడులకు ఆరు ఖర్చవుతాయి. పది గడులు ఒక్క ఊపున దూకితే 55 క్యారెట్లు హరీ. అయిపోతే వెనక్కి నడిచి ముళ్లపంది గడిలో చేరాలి. వెనక్కి వేసిన ప్రతి గడికీ పది క్యారెట్లు దక్కుతాయి. పోనీ దాచుకుంటూ పోదామా అంటే, గమ్యం చేరేటప్పుడు చేతిలో ఎక్కువ మిగిలినా లోపలికి రానివ్వరు. పరుగు పందెంలో వెనకడుగే పెట్టుబడి! పన్నెండేళ్ల పిల్లకీ తాతగారికీ ఒకే లెక్క, ఒకే ఇబ్బంది.

సమీక్షకులు ఆ ఆటను ఎంచడంలోనే వాళ్ల కొలబద్ద తెలిసిపోతుంది. ఊహలో కొత్తదనం ఉందా, నియమాలు తేటగా రాశారా, పెట్టె, పలక, బొమ్మల అమరిక బాగుందా, ముక్కలు చేతికి నప్పుతున్నాయా అన్నవి వాళ్లు చూసేవి. నియమాల పుస్తకాన్ని కూడా తూకం వేయడం గొప్ప సంగతి. పచ్చీసును ఇంట్లో పెద్దవాళ్లు నేర్పుతారు. దుకాణంలో కొన్న ఆటను కాగితమే నేర్పాలి. కాగితం తడబడితే ఎంత మంచి ఆటైనా అటక ఎక్కుతుంది.

బృందం అభిరుచి ఇరుకైనదేమీ కాదు. 1985లో గెలిచిన షెర్లాక్ హోమ్స్ ఆటలో పావులు కదిపే బాటంటూ లేదు. లండన్ పటం, చిరునామాల పుస్తకం, వార్తాపత్రికలు ముందేసుకుని కూడబలుక్కుంటూ నేరం ఛేదించాలి. పాత్రలు ధరించి ఆడే కథల ఆటలకు అది దగ్గరి చుట్టం.

సమీక్ష రాయాలంటే కర్త ఎవరో తెలియాలి. ఆటల పెట్టెల మీద మాత్రం కంపెనీ పేరే కనిపించేది. 1988 ఫిబ్రవరిలో న్యూరెంబర్గ్ బొమ్మల సంత సమయంలో 13 మంది రూపకర్తలు ఒక బీరు గ్లాసు కింద పెట్టే అట్టముక్క మీద సంతకాలు చేశారు. పెట్టె మీద రూపకర్త పేరు వేయని ప్రచురణకర్తకు తమలో ఎవరూ ఆట ఇవ్వరన్నది అందులోని ఒప్పందం. ఇవాళ జర్మన్ ఆటల పెట్టెల మీద కర్త పేరు నవల అట్ట మీద ఉన్నట్టు ఉంటుంది.

ఆ పేర్లలో అందరికీ తెలిసినది క్లౌస్ టోయ్‌బర్. వృత్తిరీత్యా కట్టుడు పళ్లు తయారుచేసేవాడు. సాయంత్రాలు ఇంటి నేలమాళిగలో ఆటలు అల్లి, ఇంట్లోవాళ్ల చేత ఆడించి చూసేవాడు. 1988, 1990, 1991లలో బహుమతి గెలిచి కూడా పళ్ల పని మానలేదు. 1995లో ‘కటాన్’ గెలిచాక, ఆ దశాబ్దం చివర్లో మానుకోగలిగాడు. 19 షట్కోణ పలకలు పేర్చి ఒక దీవి తయారుచేస్తారు. కలప, ఇటుక, ఉన్ని, ధాన్యం, ఖనిజం పండించుకుని ఊళ్లు కడతారు. పాచికలు ఎవరు వేసినా, ఆ అంకె పడిన పలక పక్కన ఊరున్న వాళ్లందరికీ సరుకు వస్తుంది. కాబట్టి తన వంతు వచ్చేదాకా ఆవులిస్తూ కూర్చునే పని లేదు. “ఉన్ని ఇస్తా, ఇటుక ఇస్తావా” అని బేరాలు నడుస్తూనే ఉంటాయి. మధ్యలో ఎవరూ ఆట నుంచి బయటికి పోరు. ఇప్పటికి 4 కోట్లకు పైగా పెట్టెలు అమ్ముడయ్యాయి. టోయ్‌బర్ 2023లో కన్నుమూశాడు.

బృందం తీర్పులన్నీ అందరికీ రుచించలేదు. 2002లో కర్రస్తంభాలను కింద నుంచి లాగి పైన పేర్చే ‘విల్లా పలెట్టి’ గెలిచి, ‘ప్యూర్టో రికో’ ఓడిపోవడంతో ఆటల పిచ్చివాళ్లు మండిపడ్డారు. పాచికల అదృష్టం లేని, ఎత్తుల మీద ఎత్తులున్న ప్యూర్టో రికోకు అదే ఏడాది మరో జర్మన్ బహుమతి వచ్చింది. అయితే తోటల్లో పనిచేసే గోధుమరంగు బిళ్లలను ‘వలసవాసులు’ అని చెప్పిన ఆట అది. బానిసత్వపు చరిత్రను అలా కప్పేయడం మీద గట్టి విమర్శ ఆ తర్వాత గానీ రాలేదు. 2022లో కథాకాలాన్ని బానిసత్వం రద్దయిన తర్వాతికి, 1897కు, జరిపి కొత్త కూర్పు తెచ్చారు. ఎత్తుల అందం చూసి మురిసినవాళ్లు కథను కూడా అంతే శ్రద్ధగా చదివి ఉండాల్సింది.

విల్లా పలెట్టి విషయంలో మాత్రం బృందం చేసింది తప్పని అనలేం. రోజూ ఆటలు ఆడే సమీక్షకుడికి తేలిక ఆట చప్పగా ఉంటుంది. ఏడాదికి ఒకటి కొనే ఇంటికి బరువైన ఆట గుదిబండ అవుతుంది. ఒకే బహుమతితో ఇద్దరినీ మెప్పించలేమని ఒప్పుకోవడానికి బృందానికి చాలా ఏళ్లు పట్టింది. పిల్లల ఆటలకు 2001లోనే వేరే బహుమతి పెట్టినా, అనుభవం ఉన్నవాళ్ల ఆటలకు 2011లో గానీ పెట్టలేదు.

ఈలోగా ఆటల పత్రిక ‘ష్పీల్‌బాక్స్’ పాఠకుల కూడికలోంచి 1983లో పుట్టిన ఎస్సెన్ నగరపు ఆటల ఉత్సవానికి ఇప్పుడు నాలుగు రోజుల్లో దాదాపు 2 లక్షల మంది వస్తున్నారు. కొత్త ఆటను అక్కడికక్కడే బల్ల మీద పరిచి ఆడి, నచ్చితేనే కొంటారు.

ఇప్పుడు ఈ ఆటలు మన ఊళ్ల దుకాణాలకూ వస్తున్నాయి కాబట్టి కొనేముందు పెట్టె మీది పావు రంగు చూడండి. నీలం చిన్నపిల్లలకు, బొగ్గు రంగు ఆటల్లో ఆరితేరినవాళ్లకు. ఇంటిల్లిపాదీ కూర్చుని ఆడాలంటే ఎర్రదే అడగండి.