లేమికి కొండల్లో ఉన్న పేర్లు

విలాసానికి వ్యతిరేకార్థాన్ని వెతికితే తెలుగులో 'నిరాడంబరం', 'సాదాసీదా' వంటి మాటలు ముందుగా తోస్తాయి గానీ, అవి కలిగినవారు కోరి ఎంచుకునే తీరును చెప్పే మాటలు. అరకు, పాడేరు కొండల చరిత్రలో లేమి పలికిన మాటలు వేరు.

వాటిలో మొదటిది వెట్టి, అంటే అధికారుల సామాను మోయడం, బాటలు వేయడం వంటి పనులను కూలి లేకుండా చేయించుకునే ఆనవాయితీ. రెండోది గోతి; తీసుకున్న కొద్దిపాటి అప్పుకు మనిషి తన ఒంటి చాకిరీనే తాకట్టు పెట్టి, వడ్డీ తరగక ఏళ్ల తరబడి షావుకారు కింద పడి ఉండే ఈ కట్టుబానిసత్వాన్ని మద్రాసు ప్రభుత్వం 1940లో ప్రత్యేక నిబంధనతో నిషేధించింది. అప్పటికే 1882 నాటి మద్రాసు అటవీ చట్టం, అడవి నరికి కాల్చి విత్తే పోడు సాగుపై ఆంక్షలు తెచ్చి, తిండిగింజల ఆధారాన్ని కుదించింది.

గింజలు నిండుకునే వానకాలపు నెలల్లో ఆదుకున్నది టెంక అంబలి: ఎండబెట్టిన మామిడి టెంకలను పగలగొట్టి, లోపలి జీడిని బుట్టకెత్తి, వగరు పోయేదాకా పారే గెడ్డనీటిలో నానబెట్టి, దంచిన పిండితో కాచేది. ఇంత ఓపిక, ఇంత నేర్పు పట్టే వంటను కేవలం కరవు కూడు అనడం అన్యాయం. చోళ్లు, అంటే రాగులు, ఇంట ఉన్న రోజుల్లో అదే కుండలో చోడి అంబలి ఉడికేది; సొరకాయ బుర్రలో పోసుకుని పొలానికి పట్టుకెళ్లేవారు.